శిష్యులు ముందు, క్రైస్తవులు తర్వాత

(పల్లె సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, పాస్టరు గార్లకు, పొద్దుననగా కూలికి పోయి వచ్చి కూడా ఇక్కడ కూర్చున్న అక్కలకు, అన్నలకు, పిల్లలకు వందనాలు. జై భీమ్.

ఈ రెండు మాటలూ ఒక్క నోటితో చెప్పొచ్చా అని కొందరికి అనుమానం. వందనాలు చర్చిలో చెప్పేది, జై భీమ్ మీటింగులో చెప్పేది అనుకుంటారు. మన పల్లెల్లో చర్చిని సంఘం అనే అంటాం, ఉద్యమాన్నీ సంఘం అనే అంటాం. ఆ రెండు సంఘాల్లో ఉండేది ఒకే మనుషులు. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నవాడే సోమవారం కూలి రేటు కోసం నిలబడతాడు. అట్లాంటప్పుడు ఆ మనిషిని రెండు ముక్కలు చెయ్యడం ఎవరికి లాభం? ఈ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

క్రీస్తుకు శిష్యులుగా ఉండటం అంటే మన పల్లె సంఘానికి ఏమిటి అని మీరు మమ్మల్ని అడిగారు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. మనవాళ్ళు చదివి దాటిపోతారు. అంతియొకయ పట్నంలో శిష్యులకు మొదటిసారి క్రైస్తవులు అనే పేరు వచ్చిందని ఉంది. అంటే ఏమిటి? ముందు వాళ్ళు శిష్యులు. వాళ్ళ నడత చూసి ఊరు పెట్టిన పేరు క్రైస్తవులు. మన దగ్గర ఇది తిరగబడింది. పుట్టగానే క్రైస్తవుడని పేరు వచ్చేసింది. శిష్యుడు ఇంకా రావాల్సి ఉంది. బాప్తిస్మం తీసుకున్నాడా, ఆదివారం వస్తున్నాడా, కానుక ఇస్తున్నాడా - ఇంతవరకే మన లెక్క. ఈ మూడూ మంచివే. అయితే ఊరోళ్ళు మన నడత చూసి మనకొక పేరు పెట్టాలంటే ఈ మూడింటిలో దేన్ని చూసి పెడతారు?

శిష్యుడు అనే మాట మిషనరీలు ఓడలో తెచ్చింది కాదు. మనకు తెలిసిన మొదటి శిష్యుడు ఏకలవ్యుడు. చదువు చెప్పని గురువు గురుదక్షిణ మాత్రం అడిగాడు, అదీ కుడి చేతి బొటనవేలు. ఈ దేశంలో గురువుకీ కిందికులం శిష్యుడికీ ఉన్న సంబంధం ఆ కథలోనే ఉంది. దాన్ని కాదన్న గురువులూ మన నేల మీద పుట్టారు. పోతులూరి వీరబ్రహ్మం గారికి మాదిగ కక్కయ్య, దూదేకుల సిద్ధయ్య శిష్యులని తత్వాలు పాడే ముసలివాళ్ళు చెప్తారు. మరి యేసు ఎట్లాంటి గురువు? చివరి రాత్రి నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆ దేశంలో కాళ్ళు కడగడం బానిసలు చేసే పని. ఒక గురువు బొటనవేలు అడిగాడు, ఒక గురువు కాళ్ళు పట్టుకుని కడిగాడు. మనం ఎవరి శిష్యులమో తేల్చుకోవాలి. ఇప్పుడు కొన్ని చోట్ల పాస్టరు గారి కాళ్ళు మనం మొక్కుతున్నాం, పాస్టరమ్మ గారి ఇంట్లో అంట్లు మన ఆడపిల్లలు తోముతున్నారు. ఇక్కడున్న పాస్టరు గార్లు కోపం చేసుకోవద్దు. కష్టపడి పల్లెలో బతికే పాస్టర్లు మాకు తెలుసు, వాళ్ళ జీతం ఎంతో కూడా తెలుసు. మేం అంటున్నది మొక్కించుకునే అలవాటు గురించి.

ఇక మన తాతల సంగతి. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవాన్ని తెచ్చింది క్లౌ దొర అంటారు. సగమే నిజం. దొర కంటే ముందు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన తాళ్ళకొండపాడులో ఉన్నాడు. తోలు పని చేసుకునేవాడు. యోగం నేర్చి, తనే గురువై, శిష్యులను పెట్టుకున్నవాడు. యేసు మాట విని, ఆయనా భార్య నాగమ్మా 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన పల్లె పల్లెకూ నడిచి, తన చుట్టాలకు, తన పాత శిష్యులకు చెప్పాడు. దొరకు తెలియని దారులు ఆయనకు తెలుసు. మాదిగపల్లెల్లో సువార్త పాకింది మాదిగ కాళ్ళ మీద. కృష్ణా జిల్లా రాఘవాపురంలో మాల వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నప్పుడూ ఇట్లాగే జరిగింది. మిషను చరిత్రల్లో ఫోటోలు దొరలవి ఉంటాయి, నడక మనవాళ్ళది.

క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తల్లో బ్రాహ్మణ పిల్లలు, పై కులాల పిల్లలు ఆయన బడికి వచ్చారు. పెద్ద కులాలవాళ్ళు మెత్తగానే మాట్లాడారు. మాదిగలు గుంపులుగా రావడం మొదలయ్యేసరికి మాట మారింది. వాళ్ళను చేర్చుకుంటే మేం రాం అన్నారు. దొర ఇరుకున పడ్డాడు. ఆయన తర్వాత రాసుకున్నదాన్ని బట్టి, ఆ పూట ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలింది: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. పిలవబడినవాళ్ళలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశాలవాళ్ళు ఎక్కువమంది లేరనీ, లోకం నీచమని తోసేసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడనీ చెప్పే చోటు. మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాల పిల్లలు బడి వదిలి వెళ్ళిపోయారు. ఎవరిని వదులుకోవడానికి సిద్ధపడితే ఎవరితో నిలబడగలం అనేది ఆ రోజు తేలింది. ఈనాడు పల్లె చర్చికి రంగు వెయ్యాలన్నా క్రిస్మస్‌కు మైకు సెట్టు కావాలన్నా పెద్ద రైతు దగ్గరికి చందాకు పోతున్నాం. ఆ చందా ఊరికే రాదు. ఎలక్షన్లప్పుడు ఒకసారి, కూలి రేటు దగ్గర ఒకసారి తిరిగి కట్టాలి.

చేరినవాళ్ళకు ఆ రోజుల్లో మూడు షరతులు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి భక్తి షరతులు. లోపల చూడండి. ఏడు రోజులూ ఆసామి పిలిస్తే పోవాల్సిన మనిషి ఒక రోజు రానంటున్నాడు. చచ్చిన గొడ్డును లాక్కుపోయి ఆ మాంసంతో సరిపెట్టుకునే మనిషి అది వద్దంటున్నాడు. జాతరలో వెట్టి డప్పు కొట్టే మనిషి కొట్టనంటున్నాడు. ఊరు ఊరుకుంటుందా? కొట్టారు. కొన్ని ఊళ్ళలో బావి నీళ్ళు ఆపారు, అంగడిలో సరుకు ఇవ్వలేదు. అయినా ఒక్కడుగా కాకుండా పల్లెకు పల్లె కలిసి చేరారు కాబట్టి నిలబడ్డారు. శిష్యరికం ఒక్కడి పని కాదు, పల్లె పని అని వాళ్ళకు ఎవరూ క్లాసు చెప్పలేదు.

ఒక మాట అడ్డంగా చెప్తాం. చచ్చిన గొడ్డు వద్దనడం ఆత్మగౌరవం. గొడ్డు మాంసం తినేవాళ్ళను ఈసడించడం కులం. ఈ రెంటినీ కలిపి మన పిల్లలకు మన తిండి మీదే సిగ్గు నేర్పారు కొందరు. డప్పు సంగతీ అంతే. సైతాను వెట్టిలో ఉంది గానీ తోలులో లేదు.

1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు పని పెట్టించాడు. ఆకలి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ కరువు సాగిన నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పని, గంజి అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. బియ్యం కోసం మారారు, పాలపొడి కోసం మారారు అని మనల్ని ఎద్దేవా చేసేవాళ్ళకు ఈ తేదీ చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి: ఆకలిగా ఉన్నవాడు అన్నం పెట్టినవాడి దగ్గరికి పోతే సిగ్గుపడాల్సింది పెట్టనివాడు.

ఇప్పుడు సిలువ సంగతి. నన్ను వెంబడించాలనుకునేవాడు తన సిలువ ఎత్తుకుని రావాలి అన్నాడు యేసు. దీన్ని మనకు ఎట్లా బోధించారు? నీకు జబ్బు చేసిందా, అది నీ సిలువ. నీ మొగుడు తాగొచ్చి కొడతాడా, అది నీ సిలువ, ఓర్చుకో. ఆసామి తిట్టాడా, ఓర్చుకో, పరలోకంలో ఫలం ఉంది. అక్కల్లారా, ఇది తప్పు. రోమా ప్రభుత్వం సిలువ వేసింది జబ్బుపడినవాళ్ళను కాదు. తిరగబడ్డ బానిసలను, రాజ్యాన్ని ధిక్కరించినవాళ్ళను. సిలువ అంటే ఎదిరించినందుకు పడే శిక్ష. యేసు ఎత్తుకోమన్నాడు, అంటే తెలిసి భుజాన పెట్టుకునేది. మన మీద ఎవరో విసిరేసిన బరువు సిలువ కాదు, అది దౌర్జన్యం. దాన్ని దించుకోవాలి. దించుకోబోతే దెబ్బలు పడతాయి చూడండి, అక్కడ సిలువ మొదలవుతుంది.

కారంచేడు మీకు చెప్పక్కర్లేదు గానీ పిల్లలున్నారు కాబట్టి చెప్తాం. 1985 జూలై 16. మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర కమ్మ కుర్రాళ్ళు గొడ్ల కుడితి బకెట్టు కడుగుతున్నారు. ఇదేంటని అడిగినందుకు కొట్టబోయారు. నీళ్ళకు వచ్చిన ఒక మాదిగ ఆడమనిషి బిందె ఎత్తి అడ్డుకుంది. ఆమె పేరు మున్నంగి సువార్త. తెల్లారి 17న ఊరు పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చీరాలకు పరిగెత్తి తలదాచుకున్నారు. అక్కడి శిబిరంలోంచి ఉద్యమం లేచింది, ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు, అంటే 23 ఏళ్ళు.

ఆమె తల్లిదండ్రులు ఆ పేరు ఏ భక్తితో పెట్టారో గానీ, సువార్త అంటే ఏంటని మమ్మల్ని ఎవరైనా అడిగితే ఆ బిందె చూపిస్తాం. దాహం తీర్చే నీళ్ళను మురికి చెయ్యొద్దు అన్న మాట అది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని చంపి గోతాల్లో కుక్కి కాలువలో వేశారు. ఆ చనిపోయినవాళ్ళలో ఇస్సాకు, సంసోను, ఇమ్మానుయేలు అనే పేర్లున్నాయి. అవి మన ఆదివారపు బడి పేర్లు. చుండూరువాళ్ళు శవాలను ఊరి బయట కాదు, ఊరి నడిమధ్య పాతిపెట్టారు. రక్తక్షేత్రం అన్నారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మరి ఆ 23 ఏళ్ళూ సాక్షులు నిలబడ్డారా లేదా? బెదిరిస్తే లొంగారా? సాక్షి అనే మాట మనం చర్చిలో ఎంత తేలిగ్గా వాడతాం. సాక్ష్యం చెప్పడానికి లేచి, తలనొప్పి తగ్గిందని చెప్పి కూర్చుంటాం. చుండూరు సాక్షులు బోనులో నిలబడి చెప్పింది కూడా సాక్ష్యమే.

అంబేద్కర్ 1938లో షోలాపూరులో క్రైస్తవుల సభలో మాట్లాడుతూ, ఒక సమాజంగా క్రైస్తవులు సాంఘిక అన్యాయం మీద ఎన్నడూ పోరాడలేదని మొహం మీదే చెప్పారు. క్రీస్తును, బుద్ధుణ్ణి గౌరవించిన మనిషి ఆ మాట అన్నారు. దానికి జవాబు చెప్పాల్సింది బిషప్పు గార్లు ఒక్కరే కాదు, ఈ పాకలో కూర్చున్న మనం కూడా.

జవాబు మన ఇంట్లో మొదలవ్వాలి. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి, మనం కులాలు పంచుకున్నాం. ఒకే ఊళ్ళో మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి. రెండింట్లో పాడేది అవే పాటలు. పిల్లనిచ్చుకోరు, సమాధులు కూడా వేరు. పై కులాల క్రైస్తవులు కొన్ని చోట్ల మనల్ని వెనక కూర్చోబెట్టారని మండిపడతాం, మండిపడాల్సిందే. హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంతోని గారు 2022లో కార్డినల్ అయితే, తొలి దళిత కార్డినల్ అని సంతోషించాం. మరి మాల ఇంట్లో మాదిగ పాస్టరు భోంచేస్తే గుసగుసలాడేది ఎవరు?

యేసు పన్నెండు మందిని పిలిచినప్పుడు ఎవరిని పిలిచాడో చూడండి. మత్తయి సుంకరి, రోమావాళ్ళ తరఫున పన్ను వసూలు చేసినవాడు. సీమోను జెలోతే, రోమావాళ్ళను వెళ్ళగొట్టాలన్నవాడు. బయట ఎదురుపడితే కత్తులు దూసుకునే ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలైన నాటి నుంచి, 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు చెప్పిన దాకా, ఈ ముప్పై ఏళ్ళలో మన రెండు కులాల మధ్య ఎన్ని మాటలు నడిచాయో అందరికీ తెలుసు. ఈ గదిలోనే రెండు అభిప్రాయాలున్నాయి. వాటా సంగతి దాచకుండా లెక్కలు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఎక్కువ తీసుకున్నవాడు తిరిగి ఇవ్వడం జక్కయ్య కథలో ఉన్నదే, అందులో నామోషీ లేదు. రొట్టె దగ్గర మాత్రం వర్గీకరణ లేదు.

రొట్టె అన్నాం కాబట్టి ఇంకొకటి. అయోగ్యంగా బల్లలో చెయ్యి పెట్టొద్దని చెప్పి బీడీ తాగినవాణ్ణి, సినిమా చూసినవాణ్ణి పక్కన కూర్చోబెడతాం. పౌలు కొరింథు వాళ్ళ మీద ఎందుకు కోప్పడ్డాడో ఆ 11వ అధ్యాయం మొత్తం చదవండి. తీరిక ఉన్నవాళ్ళు, కలిగినవాళ్ళు ముందొచ్చి కడుపునిండా తిని తాగేవాళ్ళు. లేనివాళ్ళు ఆకలితో మిగిలేవాళ్ళు. ఇది ప్రభువు భోజనం కాదు పొమ్మన్నాడు. ఆయన చెప్పిన అయోగ్యత అది. మన దగ్గర మిర్చి కోతల్లో ఉన్న అక్కలు పదింటికి రాలేరు. ఆరాధన పదింటికే ఎందుకు పెట్టాం? టౌనులో ఉద్యోగం చేసుకుని ఆదివారం వచ్చే నలుగురి వీలు కోసం. కోతల రోజుల్లో రాత్రికి పెట్టండి.

సర్టిఫికెట్ బాధ గురించి పైకి మాట్లాడాలి, ఎందుకంటే చాటున ఏడుస్తున్నాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాకపోతే షెడ్యూల్డు కులం కాదు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని కలపలేదు. కలపాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. మనకు ఇచ్చింది బి.సి. 'సి'లో 1 శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడై పాస్టరుగా ఉన్న మనిషికి అట్రాసిటీ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. కొట్టేవాడు కులం చూసి కొడతాడు, కోర్టు మతం చూసి కేసు కొట్టేస్తుంది.

అందుకే మన పిల్లలకు బడిలో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. రెండు పేర్లతో బతికేవాణ్ణి దొంగ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆకలికి, చదువుకు, దేవుడికి మధ్య ఇరికించిన చట్టానిది ఆ దొంగతనం. మన పాస్టరు గార్లలో కొందరు, హిందువని రాయించుకుంటే రక్షణ పోతుందని ఆ తల్లిదండ్రులను నిలబెట్టి అడుగుతున్నారు. ఆ పిల్లవాడి ఫీజు సంఘం కట్టగలిగితే అడగండి. లేకపోతే ఆ చట్టం మార్చమని అడగడానికి మాతో కలెక్టరాఫీసుకు రండి.

సంఘంలో ముప్పాతిక మంది ఆడవాళ్ళు, పెద్దల కమిటీలో అందరూ మగవాళ్ళు. ఇందులో వివరించడానికేం లేదు, మార్చుకోవడమే.

ఇక చేతల సంగతి. మన పల్లెల్లో పాత అలవాటు ఒకటుంది, గుప్పెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు అమ్మలు ఒక గుప్పెడు తీసి కుండలో వేసి, ఆదివారం చర్చికి తెస్తారు. కొన్ని సంఘాల్లో పోయింది, కొన్నింట్లో ఇంకా ఉంది. మా ప్రతిపాదన ఒక్కటే. ఆ బియ్యంలో సగం పాస్టరు గారికి, సంఘం ఖర్చుకు ఉంచండి. సగం కదపకుండా నిలవ చెయ్యండి. కూలి పెంచమన్నందుకు ఊరు మన పల్లెను వెలి వేసిందనుకోండి, పనులకు పిలవలేదనుకోండి, మొదటి పది రోజులు ఎవరు తట్టుకుంటే వాళ్ళది గెలుపు. కరువు రోజుల్లో మన తాతలకు లేనిది అదే. ఆ కుండ మాలపల్లెలో ఒకటి, మాదిగపల్లెలో ఒకటి కాకుండా రెండింటికీ ఒకటే ఉండాలి. తాళం చెవులు రెండు చెయ్యండి, రెండూ ఆడవాళ్ళ దగ్గరే ఉంచండి.

కానుకల లెక్క నెలకొకసారి అందరి ముందూ చదవాలి. పల్లెకు ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒక ఆడపిల్లా ఒక మగపిల్లాడూ, 1989 చట్టం చదవాలి, స్టేషనులో ఫిర్యాదు ఎట్లా రాయాలో నేర్చుకోవాలి. మేం వచ్చి నేర్పుతాం, దానికి మైకు సెట్టు అక్కర్లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం రెండు పల్లెల బల్ల ఒకే చోట పెట్టడానికి ఇద్దరు పాస్టరు గార్లూ ఒప్పుకున్నారు. ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాట తెగలేదు. రెండు పల్లెల మధ్య ఉన్న వేపచెట్టు కింద పెడదామని ఆడవాళ్ళు అంటున్నారు, అది పోరంబోకు కాబట్టి ఊరోళ్ళు గొడవ చేస్తారని పెద్దలు అంటున్నారు. ఇది మేం తేల్చేది కాదు. ఇప్పుడు మీరు మాట్లాడండి, ముందు ఆడవాళ్ళు.